నిప్పుల దీవికి ఒకనాటి ఓడ ప్రయాణము

అగ్నిపర్వతమనగానే మన తలపు ఇటలీకో జపానుకో పోవును. కొంచెము విరివిగా చదివినవారు గ్రీసు దేశపు సాంతొరీనీ దీవిని తలచుకొందురు. అక్కడి యాత్రికులు ఉదయమే చిన్న ఓడలెక్కి, ఉంగరమువలె వంగిన దీవుల నడుమ నల్లగా తేలియున్న నెయా కామేని అను అగ్నిపర్వతమునకు పోయి, టిక్కెట్టు చెల్లించి, బిలము అంచుదాక నడచి, మధ్యాహ్న భోజనమునకు తిరిగి వత్తురు. నేడు మేము చెప్పబోవునది అటువంటి ఓడ ప్రయాణమే. కాని ఆ దీవి మన దేశములోనిది. అక్కడికి పోయిన యాత్రికుడు దానిపై దిగి నడచుట లేదు. ఓడ దీవి చుట్టు తిరిగి వెనుకకు వచ్చును. అంత దూరము పోయి కాలు మోపకుండ తిరిగి వచ్చుట సమంజసమా అని ఆనాడు మా ఓడలో పెద్ద వాదమే జరిగినది. ఆ వాదమును మీకు వినిపింపవలెననియే ఈ ప్రసంగమునకు పూనుకొంటిమి.

ఆ దీవి పేరు బారెన్ ద్వీపము. ఆంగ్లములో ఆ మాటకు బీడు, గొడ్డునేల అని అర్థము. అండమాను సముద్రములో, శ్రీ విజయపురమునకు ఈశాన్యముగా సుమారు 135 కిలోమీటర్ల దూరమున నున్నది. శ్రీ విజయపురమనగా పోర్టు బ్లెయిరే. 2024 సెప్టెంబరులో పేరు మార్చబడినది గాని, రేవులో మాకు తటస్థపడిన తెలుగువారందరును పాతపేరే పలుకుచుండిరి. దక్షిణాసియా అంతటిలోను నేటికిని సజీవమైయున్నదని ధ్రువపడిన అగ్నిపర్వతము ఈ దీవి ఒక్కటే.

మాది వాల్మీకిపురము. వాయల్పాడు అన్న పాతపేరుతో ఎరిగినవారే ఇప్పటికిని ఎక్కువ. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో పుట్టి పెరిగినవారికి రాయి క్రొత్త కాదు. కన్ను తెరచినది మొదలు గుట్టలు, బండలు, దొరువులే. ఆ రాయి సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటిది. ఆ బండలను చీల్చుకొని అక్కడక్కడ నల్లరాతి గోడలవంటివి నిడుపుగా సాగియుండును. కుప్పము వైపు గనులలో కోసి పలకలుగా చేయు నల్లరాయి ఆ జాతిదే. 200 కోట్ల సంవత్సరములకు పూర్వము భూగర్భమునుండి కరిగిన రాయి నెఱ్ఱెలలోనికి ఎగదన్ని, అక్కడనే గడ్డకట్టగా ఏర్పడినది. అనగా మా ఊరి క్రింద ఒకప్పుడు నిప్పు కదలాడినది. అది చల్లారిన తరువాత యుగములు గడచినవి. అటువంటి చల్లారిన రాతిమీద పెరిగినవారికి, రాయి ఇంకను కరిగి పారుచున్న చోటు ఎట్లుండునో చూడవలెనని కోరిక కలుగుట సహజమే కదా.

చెన్నపట్టణమునుండి విమానములో పోయినచో పోర్టు బ్లెయిరు రెండు గంటల పైచిలుకు దూరము. ఓడలో సుమారు మూడు దినములు. అక్కడ దిగిన తెలుగువానికి పరాయి ఊరను భావము కలుగదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాలనుండి తరలిపోయి స్థిరపడిన కుటుంబములు వేలకొలది కలవు. జంగ్లీఘాట్ అను పేటలో వలలు ఆరవేసికొనుచున్న బెస్తవారి మాట వినినచో కళింగపట్టణపు ఒడ్డున నిలిచినట్లే యుండును. మా ప్రయాణములో మాకు దొరికిన ఉత్తమ ఉపాధ్యాయుడు ఆ పేటవాడే. డెబ్బది దాటిన వృద్ధుడు. చిన్ననాడే తండ్రి వెంట శ్రీకాకుళము జిల్లానుండి వచ్చి, జీవితమంతయు చేపలవేటలో గడపినాడు. ఇప్పుడు కుమారుడు టిక్కెట్టు కొనిపెట్టగా, తాను పనిమీద తిరిగిన సముద్రమును యాత్రికుడై చూచుటకు మనుమరాలితో కూడ వచ్చియుండెను.

ఓడ రాత్రి పది గంటలకు హడ్డో రేవునుండి కదలినది. ఇంటిలో రేడియో ఉన్నవారికి మా అసలు పని ఏమియో వేరుగా చెప్పనక్కరలేదు: అగ్నిపర్వతపు ధ్వనిని ముద్రించి తేవలెనని ధ్వనిముద్రణ యంత్రమును భుజమున వ్రేలాడదీసికొని పోయితిమి. తోడి ప్రయాణికులు దానిని చూచి, ఇది కెమేరాయా అని అడుగుచు, కాదని చెప్పగా కొంత నిరాశపడిరి. రేవు దీపములు మరుగైన పిదప గాలి చల్లబడినది. డెక్కుమీద చాపలు పరచుకొని పండుకొన్నవారు పండుకొనిరి. మేము వృద్ధుని ప్రక్కన చేరితిమి.

"పెద్దాయనా, నిప్పు రగులుచుండగా దానిని మీరెప్పుడైన చూచితిరా?" అని అడిగితిమి.

"సూసినాను బాబూ. తొంబైయొకటిలో. అప్పుడు అగ్గిపర్వతమని మాకు తెలీదు. సీకట్లో నీళ్ళకి పైన ఎర్రగా అగుపించింది. ఏదో ఓడ అంటుకుందనుకున్నాం. మనుషులుంటారు గదా, సాయం సేద్దారని పడవ అటేపు తిప్పినాం. పోతా ఉంటే మా నెత్తిమీద నల్లటి ఇసక రాలింది. ఇసక ఆకాశంలోంచి ఎందుకొస్తదని మా అన్న అడిగినాడు. అంతే, ఎనక్కి తిప్పేసినాం."

ఓడ కాలిపోవుచున్నదని తలచి సాయమునకు పోయిన ఆ పడవను మేము చాలసేపు ఊహించుకొనుచుంటిమి.

అండమానులో సూర్యుడు మనకంటె చాల ముందుగా ఉదయించును. గడియారము మాత్రము మనదే. వాల్మీకిపురమునకును ఆ దీవికిని నడుమ సూర్యోదయములో సుమారు ఒక గంట భేదము కలదు. అందువలన అయిదు గంటలు దాటగానే తూర్పు తెల్లవారినది. ముందు కనబడినది దీవి కాదు, దానిపై నిలిచిన మబ్బు. చుట్టునున్న ఆకాశమంతయు నిర్మలముగా నుండగా, ఒక్కచోట మాత్రము కుంచెతో దిద్దినట్లు బూడిదరంగు మబ్బు వాలియుండెను. వెలుతురు పెరిగినకొలది దాని క్రింద నేల రూపు కట్టినది.

తొలుత దక్షిణపు ప్రక్క కనబడినది. నిలువుగా లేచిన కొండగోడ, దానిమీద దట్టమైన పచ్చని అడవి. బీడు దీవి అన్న పేరు ఈ ప్రక్కన చూచినవానికి అబద్ధమని తోచును. ఓడ పడమటి వైపునకు తిరిగినది. అక్కడ గోడ తెగిపోయి, గుమ్మము తెరచినట్లయి, లోపలి భాగమంతయు మా యెదుటకు వచ్చినది. ఆ క్షణమున డెక్కుమీద మాటలన్నియు ఆగినవి. పచ్చదనము లేదు. నల్లని రాతి ప్రవాహములు ఒకదానిపై ఒకటి పడి, దున్నిన రేగడి చేనువలె గడ్డలు గడ్డలుగా సముద్రమువరకు దిగివచ్చి, నీటి అంచున ఠక్కున తెగియున్నవి. వానికి వెనుక, నాటకశాలలో వేదికవలె మూడు వైపుల పాత గోడ. దాని నడుమ బూడిదతోను కాలిన రాళ్ళతోను పేర్చినట్లున్న ఒక శంఖాకారపు కొండ. దాని కొననుండి పొగ తెరలు తెరలుగా వెలువడుచుండెను. ఎఱ్ఱదనము మాకు కనబడలేదు. 2017 జనవరిలో గోవాలోని జాతీయ సముద్రశాస్త్ర సంస్థవారు ఈ దీవికి సమీపమున పరిశోధన చేయుచుండగా, పగటివేళ బూడిద మేఘములు మాత్రమే కనబడి, ప్రొద్దుగ్రుంకిన తరువాత అదే చోట ఎఱ్ఱని లావా చిమ్ముచుండుట కనబడినదట. పగటికి పొగ, రాత్రికి నిప్పు, వస్తువు ఒక్కటే.

ఆ నడిమి కొండను చూడగానే మాకు స్ఫురించినది మా ఊరి పేరు. వల్మీకమనగా పుట్ట. చెదలు నేల అడుగునుండి మన్ను రేణువు రేణువుగా పైకి తెచ్చి పుట్ట పెట్టినట్లే, ఈ కొండయు తన కడుపులోని రాయిని తానే కక్కి, తనచుట్టు తానే పేర్చుకొని పెరిగినది. దీవి అడ్డుకొలత మూడు కిలోమీటర్ల మాత్రము. చుట్టుగోడలో అత్యున్నత స్థలము సముద్రమునుండి సుమారు 350 మీటర్లు. 1,265 మీటర్ల హార్సిలీ కొండను ఎరిగినవారికి ఇది గుట్ట. కాని మనకు కనబడునది కొన మాత్రమే. సముద్రగర్భమునుండి కొలిచినచో ఈ పుట్ట ఎత్తు 2,000 మీటర్లు దాటును.

మేము వచ్చిన పని జ్ఞాపకము వచ్చినది. యంత్రము పట్టుకొని కెప్టెనుగారి వద్దకు పోయి, అయిదు నిమిషములు ఇంజను ఆపినచో దీవి ధ్వనిని ముద్రించుకొందుమని ప్రార్థించితిమి. ఆయన మర్యాదగానే నిరాకరించెను. ఈ దీవి ఒడ్డు నీటిలోనికి నిట్టనిలువుగా దిగియుండును. తీరమునకు చేరువలోనే సముద్రము మిక్కిలి లోతు. లంగరు వేయుటకు ఆధారము లేదు. ఇంజను ఆగిన ఓడను గాలియు నీటిఒరవడియు ఎటు లాగునో చెప్పలేము. వేగము తగ్గింపగలనే గాని ఆపనని ఆయన చెప్పెను. అందుచేత ప్రసంగమునకు ముందు రేడియోలో శ్రోతలకు వినిపించిన ధ్వని అగ్నిపర్వతపు గర్జన కాదు. అందులో ముప్పాతిక ఇంజను చప్పుడు, తక్కినది రాళ్ళకు కొట్టుకొను అలల రొద. నడుమ ఒక పసిపిల్ల "తాతా, పొయ్యి ఎవరు ముట్టించేరు?" అని అడుగుట వినబడును. ఆ పిల్ల మా వృద్ధుని మనుమరాలే.

పొయ్యి ముట్టించినది ఎవరో శాస్త్రజ్ఞులు కొంతవరకు చెప్పగలరు. భారతభూభాగమును మోయుచున్న రాతిపలక అండమాను దీవులకు పడమరగా సముద్రపుటడుగున వంగి, తూర్పు పలక క్రిందికి దూరుచున్నది. అట్లు దూరుచు తనతోకూడ సముద్రపు నీటిని, ఖనిజములలో ఇమిడిన తడిని, లోనికి తీసికొనిపోవును. సుమారు నూరు కిలోమీటర్ల లోతున ఆ తడి పిండబడి పైనున్న వేడిరాతిలోనికి ఎక్కును. ఆ తడి తగులగానే రాయి కరుగును. నీరు నిప్పును ఆర్పునని తెలిసిన మనకు, నీటివలన రాయి కరుగుననుట వింతగా తోచవచ్చును. వంటయింటిలో చూడుడు: వట్టి మూకుడులో బెల్లపుగడ్డ వేసి మంట పెట్టినచో అడుగంటి మాడును గాని సులభముగా కరుగదు, గరిటెడు నీళ్ళు పోసినచో అదే మంటమీద పాకమగును. పోలిక సరిగా అతుకకపోవచ్చును గాని తీరు ఇంచుమించు అదియే. ఆ పలకయే 2004 డిసెంబరు 26న ఒక్కసారిగా జారి సునామీని తెచ్చినది. మరుసటి సంవత్సరము మే నెలలో ఈ దీవి మరల నిప్పు కక్కినది. ఆ రెంటికిని సంబంధము కలదనువారును కలరు, అంత తొందరపడి చెప్పరాదనువారును కలరు.

దీవి చరిత్రలో మమ్ము ఆకర్షించినది దాని నిద్ర. వ్రాతలో నిలిచిన మొదటి విస్ఫోటము 1787 నాటిది. పోర్టు బ్లెయిరుకు ఎవని పేరు పెట్టబడినదో ఆ ఆర్చిబాల్డ్ బ్లెయిరు 1789లో ఇక్కడికి వచ్చినాడు. ఆ తరువాత 19వ శతాబ్ది తొలి సగములో మరికొన్ని పర్యాయములు రగిలి, పిదప నూరేండ్లకు పైగా ఆవిరి తప్ప మరేమియు లేక పడియుండెను. ఆ నిద్రాకాలమున, 1891లో, పోర్టు బ్లెయిరునుండి వచ్చిన ఓడవారు కొన్ని మేకలను ఈ దీవిలో విడిచిరి. మనుష్యుడు లేని దీవిలో అవి అడవిమేకలై పెరిగినవి. ఉప్పునీరే త్రాగి బ్రతుకుచున్నవని చాలకాలము కథ చెప్పుకొనిరి. తరువాత పరిశోధకులు అక్కడ మంచినీటి ఊటలున్నట్లు కనుగొనిరి. 1991 మార్చి నెలాఖరున దీవి మేలుకొన్నది. మా వృద్ధుడు ఓడ తగులబడుచున్నదని భ్రమించినది ఆ సంవత్సరముననే. ఆ మంటలను, తరువాత 1994లోను 2005లోను వచ్చిన మంటలను దాటి మేకలు బ్రతికియున్నవి. అటుపిమ్మట దీవి ఎక్కువకాలము నిద్రించినది లేదు. 2025 సెప్టెంబరులోను చిన్నగా రగిలినది.

ఇక వాదము సంగతి. ఓడ మూడవ చుట్టు తిరుగుచుండగా, విజయవాడనుండి వచ్చిన ఇంజనీరు యువకుడొకడు మా యెదుట నిలిచి, "ఏమండీ, మీరు రేడియోవారు గదా, మీరైనా చెప్పండి. ఇంత ఖర్చుపెట్టుకొని వస్తే దిగనివ్వరా? చిన్నపడవలో ఒక్క అరగంట. గ్రీసులో దిగనిస్తారు గదండీ!" అనెను. నలుగురు ఔనౌననిరి. ఒకాయన ప్రభుత్వమునకు అర్జీ పెట్టుదమని కూడ అనెను.

ఆ యువకుని మాటలో న్యాయము లేకపోలేదు. సాంతొరీనీకిని ఈ దీవికిని దేహనిర్మాణము ఒక్కటే: పాత కొండ పేలి కూలగా మిగిలిన చుట్టుగోడ, నడుమ మరల పుట్టిన చిన్నకొండ. అక్కడ గోడ లోపలి పల్లములో సముద్రము నిండినది. ఇక్కడ అది నీటికి పైన నిలిచినది. అక్కడి నడిమి దీవిలో పెద్దభాగము 1707 మొదలు 1711 వరకు సముద్రమునుండి పైకి లేచినది. కడపటి విస్ఫోటము 1950లో. దాని ఊపిరిని సైతము కొలుచు యంత్రములు నేడు అక్కడ ఉన్నవి. ఐనను 2025 ఆరంభమున భూకంపములు వందలకొలది రాగా పదునొకండు వేలమందికి పైగా సాంతొరీనీని విడిచిపోయిరి. ఆ జాగ్రత్త వారికి క్రొత్త కాదు. సుమారు మూడువేల ఆరువందల సంవత్సరములకు పూర్వపు మహావిస్ఫోటమున బూడిదలో పూడిపోయిన అక్రోతిరి పట్టణమును 1967 నుండి త్రవ్వుచుండగా, ఇండ్లు, జాడీలు, గోడచిత్రములు దొరకినవి గాని పారిపోలేక చిక్కుపడినవారి అస్థిపంజరములు దొరకలేదు. భూమి ముందుగా ఒక మాట చెప్పినది, వారు వినిరి.

కాని అన్ని కొండలును అట్లు చెప్పవు. న్యూజీలండు తీరమున వకారి అను అగ్నిపర్వతపు దీవి కలదు. యాత్రికులు ఓడలో పోయి, దిగి, బిలమువద్దకు నడచి, అదే దినము ఒడ్డు చేరుచుండిరి. 2019 నవంబరులో ప్రమాద సూచికను ఒక మెట్టు పెంచిరి. ఓడలు మాత్రము ఆగలేదు. డిసెంబరు 9వ తేదీ మధ్యాహ్నము కొండ ఉన్నట్టుండి పేలినది. అప్పుడు దీవిపై 47 మంది ఉండిరి. వారిలో 22 మంది మరణించిరి. మిగిలినవారిలో అనేకులు తీవ్రముగా కాలిరి. అది గొప్ప విస్ఫోటము కాదు, వేడి ఆవిరియు బూడిదయు కొన్ని నిమిషములపాటు ఎగసినవి, అంతే. అచ్చట ప్రాణము తీసినది అగ్నిపర్వతపు బలము కంటె దానికిని మనుష్యునికిని మధ్య ఉండవలసిన దూరము లేకపోవుట.

ఈ సంగతి చెప్పి, "ఇక్కడ రేవు లేదు, కాపలావాడు లేడు, కాలిన మనిషిని వైద్యుని వద్దకు చేర్చుటకు ఎన్ని గంటలు పట్టునో మనము రాత్రి వచ్చిన దారినిబట్టి లెక్కించుకొనవచ్చును" అంటిమి. యువకుడు కొంచెము సేపు ఊరకుండి, "అయితే అసలు రావడమే తప్పంటారా?" అనెను. మేము జవాబు చెప్పకముందే వృద్ధుడు అందుకొని, "తప్పెందుకు నాయినా? మేం పడవ తిప్పి పోయింది తప్పా? ఇసక రాల్తున్నాక కూడా పోతే అది తప్పు" అనెను. అర్జీ మాట మరల ఎవరును ఎత్తలేదు. మేకల సంగతి మాత్రము చాలసేపు సాగినది.

ఓడ ముఖము తిప్పిన తరువాత ఆ యువకుడు మరల వచ్చి కూర్చుండి, మన తెలుగునేలపై ఇట్టి నిప్పు ఎన్నడైన పడినదా అని అడిగెను. పడినది. బారెన్ ద్వీపమున్న వరుసలోనే, దక్షిణమున సుమత్రాలో తోబా అను స్థలము కలదు. అక్కడ సుమారు 74,000 సంవత్సరముల క్రిందట జరిగిన విస్ఫోటమునుండి లేచిన బూడిద బంగాళాఖాతమును దాటివచ్చి మన సీమమీద రాలినది. నంద్యాల జిల్లాలో బనగానపల్లెకు చేరువనున్న జ్వాలాపురమను గ్రామమువద్ద, జుర్రేరు లోయలో, ఆ తెల్లని బూడిద పొర నేటికిని కనబడును. రవి కొరిశెట్టరు, మైకేల్ పెట్రాగ్లియా మున్నగువారు అక్కడ త్రవ్వి, బూడిద పొరకు దిగువను, దానికి పైనను గూడ ఆదిమానవుల రాతి పనిముట్లను కనుగొని 2007లో ప్రకటించిరి. ఇంచుమించు ఒకే తీరు పనిముట్లు. బూడిద పడకముందు అక్కడ మనుష్యులుండిరి. పడిన తరువాతను ఉండిరి. ఆ యువకుడు జ్వాలాపురము పేరును తన ఫోనులో వ్రాసికొనెను.

పోదలచిన శ్రోతలకు కొన్ని మాటలు. డిసెంబరు మొదలు ఏప్రిలు వరకు సముద్రము కొంత శాంతముగా నుండును. ఓడ ప్రతిదినము లేదు. ఉన్నదని ప్రకటించినను వాతావరణమునుబట్టి, దీవి తీరునుబట్టి ఆగిపోవచ్చును. కాన తిరుగు విమానమునకు రెండు దినములైన ఎడము పెట్టుకొనుట మంచిది. దీవి వన్యప్రాణి రక్షితస్థలము, నియమములు కఠినములు. రాత్రి డెక్కుమీద శాలువ అవసరము. దుర్భిణి తప్పక తీసికొనిపోవలెను, లేనిచో మేకలు కనబడవు. ఓడలో ఏ ప్రక్కన చోటు చూచుకొనవలెనని మేము వృద్ధుని అడిగితిమి. "ఎక్కేటప్పుడే సరంగుని అడుగు బాబూ, దీవిని ఎటేపు పెట్టుకుని తిప్పుతావని" అని, మనుమరాలి చేయి పట్టుకొని ఆయన నిచ్చెన దిగిపోయెను.